మీటరు ముల్లు ఊగిన రెండు రోజులు

మా మేనత్త భర్త, నేను మావయ్యా అని పిలిచే మనిషి, తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగోసారి అత్త చేత లాగించేవాడు. కళ్లముందు పితికిన పాలైనా సరే వాసన చూడందే తాగడు. అలాంటివాడికి తగ్గ ఉద్యోగమే దొరికింది.

భూమిలో పాతిన నూనె పైపులైను వెంట నడవడం ఆయన పని. ఇనప పైపు తుప్పు పట్టకుండా దానికి కొద్దిపాటి కరెంటు ఇస్తూ ఉంటారు. అది సరిగ్గా అందుతోందో లేదో కిలోమీటరుకో స్తంభం దగ్గర ఆగి చూడాలి. మూత తీసి, ఒక తీగ పైపుకీ ఇంకొకటి తడిమట్టిలో గుచ్చిన కడ్డీకీ తగిలిస్తాడు. మీటరు ముల్లు ఒకటి దగ్గర నిలబడితే పైపు క్షేమం. పదకొండేళ్లుగా అది అక్కడే నిలబడింది.

ఆ మంగళవారం పొద్దున నలభై ఒకటో స్తంభం దగ్గర ముల్లు ఊగింది. సగానికి పడిపోయింది. కాసేపటికి ఒకటిన్నరకు లేచింది. మళ్లీ పడింది. మావయ్య తీగలు మార్చాడు, కడ్డీ తుడిచాడు, మట్టిలో ఇంకో చెంబుడు నీళ్లు పోశాడు. ముల్లు వినలేదు. తలెత్తి చూస్తే ఇరవై అడుగుల దూరంలో మా నాన్న వెల్డింగు షెడ్డు.

తిన్నగా లోపలికొచ్చి, "ఎర్తు వైరు మా పైపుకి తగిలించావా?" అన్నాడు.

"ముందు కూర్చో బావా. ఎర్తేంటి? పొద్దుట్నుంచి మిషనే ఆన్ చెయ్యలేదు. గేటు కొలతలు చూసుకుంటున్నా" అన్నాడు నాన్న.

మావయ్య మిషను మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. "తడిగుడ్డ కప్పావా?"

నాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. "తప్పు చెయ్యనివాడు కోప్పడతాడు గానీ నవ్వుతాడా?" అన్నాడట మావయ్య అత్తతో. కోప్పడి ఉంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు అనేవాడు, అది వేరే సంగతి.

ఎదుటి పిట్టగోడ మీద కూర్చుని, ముల్లు పడినప్పుడూ లేచినప్పుడూ నిమిషాలతో సహా పుస్తకంలో రాసుకుంటూ సాయంత్రం దాకా కాపలా కాశాడు. మిషను ఆపే ఉంది, ముల్లు ఊగుతూనే ఉంది. అంటే దొంగచాటుగా ఇంకో తీగ ఉందన్నమాట! మర్నాడూ అదే వరస. నేను బడికి వెళ్తుంటే ఆపాడు.

"అమ్మాయ్, మీ నాన్న షెడ్డు వెనక ఈమధ్య ఏమైనా తవ్వాడా?"

"మిరప నారు వేశాడు మావయ్యా."

నేను తిరిగొచ్చేసరికి మొక్కలన్నీ పీకి ఉన్నాయి. తీగ మాత్రం దొరకలేదు. చాలా లోతుగా పాతి ఉంటాడనుకున్నాడు గానీ, లేదేమో అనుకోలేదు. ఆ రోజే ఆఫీసుకు కాగితం రాశాడు.

గురువారం షెడ్డుకు కరెంటు తీసేసి తలుపుకు సీలు వేశారు. గురువారమే ముల్లు మళ్లీ ఒకటి దగ్గర బుద్ధిగా నిలబడింది.

"చూశావా నీ తమ్ముణ్ణి!" అన్నాడు మావయ్య. ఆ పూట నుంచి అత్త కంచం ఆయన ముందు పెట్టి వెళ్లిపోయేది, అంతే. వీధిలో మమ్మల్ని చూసే చూపులు మారాయి. ఇవ్వాల్సిన గేట్లు లోపలే ఉండిపోయాయి. నాన్న అరుగు మీద ఖాళీగా కూర్చునేవాడు. ఎప్పుడూ అలా కూర్చోగా చూడలేదు నేను.

వారం తిరిగేసరికి ఇంజనీరు వచ్చాడు. మావయ్య రాసిన కొలతల పుస్తకాలన్నీ బల్ల మీద పరిచాడు.

"పదకొండేళ్లు ఒకటి, ఒకటి, ఒకటి. తర్వాత రెండు రోజులు ఈ తైతక్కలు. మళ్లీ ఒకటి. ఏదండీ మీరు ఇంట్లో కూర్చుని రాసింది? ఆ పదకొండేళ్లా, ఈ రెండు రోజులా?"

మావయ్య మొహం మాడిపోయింది. జీవితమంతా జనాన్ని అనుమానించినవాడే గానీ, తనను ఒకరు అనుమానించడం ఆయనకు కొత్త.

ఆయన రాసింది నిజమో కాదో తేల్చడానికే ఇంజనీరు పైపులైను రెండో కొస నుంచి పుస్తకం తెప్పించాడు. మూడొందల కిలోమీటర్ల అవతల, షెడ్డు కాదు కదా గుడిసె కూడా లేని బీడు అది. అక్కడా అదే మంగళవారం, అదే బుధవారం, అవే నిమిషాల్లో ముల్లు ఊగింది. ఇంజనీరు తెలిసినవాళ్లను అడిగి వచ్చి చెప్పాడు.

"ఆదివారం సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందట. అందులోంచి విద్యుత్ కణాల మేఘం బయల్దేరి రెండు రోజులకు మనల్ని తాకింది. భూమి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది కదా, అది కదిలిపోయింది. అది కదిలితే నేలలో కరెంటు పుడుతుంది. పొడుగాటి ఇనుము కనపడితే చాలు, అందులో దూరుతుంది. పైపులైనా, రైలు పట్టాలైనా."

"ఎండ మామూలుగానే కాసింది కదా సార్" అన్నాడు మావయ్య.

"ఇది ఎండలో తెలిసేది కాదండీ."

మావయ్య నమ్మలేదు. ఆ రెండు పుస్తకాలూ ఇంటికి తెచ్చుకుని అంకె పక్కన అంకె పెట్టి చూశాడు. పది పన్నెండుకు పడింది, అక్కడా పడింది. పది ఇరవైకి లేచింది, అక్కడా లేచింది. ఇంతలా కలిసిందంటే వాడు నాది కాపీ కొట్టి ఉండాలి అనుకుని ఆ రెండో కొసన మీటరు చూసే మనిషికి ఫోన్ చేశాడు.

"నిజం చెప్పు. నా అంకెలు నీకెవరిచ్చారు?"

అవతలి మనిషీ తగ్గలేదు. "నేనే అడుగుదామనుకుంటున్నా. నా పుస్తకం నువ్వెక్కడ చూశావు?"

మావయ్య ఫోన్ పెట్టేసి రెండు పుస్తకాలూ మూసేశాడని అత్త చెప్పింది.

మర్నాడు ఆఫీసు చుట్టూ తనే తిరిగి సీలు తీయించాడు. అరకట్ట మిరప నారు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తలుపు నేనే తీశాను.

"తప్పు నీది కాదట. సూర్యుడిదట" అన్నాడు నాన్నతో, నేల చూస్తూ.

"సూర్యుడు నా మీద కాగితం రాయలేదు బావా" అన్నాడు నాన్న.

మావయ్య నారు గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మా అమ్మ దాన్ని నాటింది. నాన్న మాత్రం ఎనిమిది నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు.

మరుసటి ఏడు వేరే స్తంభం దగ్గర ముల్లు మళ్లీ ఊగింది. ఈసారి మావయ్య ఎవరి మీదా కాగితం రాయలేదు. ఇదీ సూర్యుడి పనే అని మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు చూస్తే, పక్క తోటవాడు మోటారు ఎర్తు తీగ తెచ్చి నేరుగా పైపుకే కట్టి ఉన్నాడు. మూడు రోజులు ఊరుకున్నందుకు ఇంజనీరు మావయ్యను చెడామడా తిట్టాడు.

ఆ కబురు అత్త మోసుకొచ్చినప్పుడు నాన్న భోజనం చేస్తున్నాడు. నవ్వీ నవ్వీ పొలమారింది. నీళ్లు తాగి, "బావను ఆదివారం రమ్మను" అన్నాడు.