చెక్ ట్రే చూశాకే రెండో మాట

2023 వానాకాలం. బంటుమిల్లి దగ్గర ఒక చిన్న ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. విజయవాడలో చదువుకున్న నాకు రొయ్యల చెరువుల వాసన అలవాటై అప్పటికే చాలా ఏళ్లు. రైతులు సీసాలో నీళ్లు, కవర్లో బతికున్న రొయ్యలు తెస్తారు. ఈ మధ్య ఫోన్ నిండా సలహాలు కూడా తెస్తున్నారు.

ఒక ఉదయం ప్రసాదరావు గారు వచ్చారు. ఆయనది కౌలు చెరువు. ముందు పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవడమే. కవరు బల్ల మీద పెట్టి ఫోన్ తీశారు.

"మేడం, నెల్లూరోళ్ల గ్రూపులో మినరల్స్ వేయమంటున్నారు. భీమవరం గ్రూపులో వద్దంటున్నారు. మా బావమరిది ఇంకేదో వీడియో పంపాడండీ. ఎవర్ని నమ్మమంటారు?"

"ఇప్పటిదాకా ఏం వేశారు బాబాయ్ గారూ?"

"నిన్న పొద్దున ప్రోబయాటిక్ వేశానండీ. సాయంత్రం శానిటైజర్ కొట్టాను."

ప్రోబయాటిక్ అంటే చెరువుకు మేలుచేసే బాక్టీరియా. శానిటైజర్ దాన్నీ చంపేస్తుంది. పొద్దున పిలిచిన చుట్టాలను సాయంత్రానికి తరిమేశారన్నమాట. నవ్వొచ్చింది గానీ, నిద్రలేని ఆయన కళ్లు చూసి ఊరుకున్నాను.

"చెక్ ట్రేలో మేత మిగులుతోందా?" అని అడిగాను. చెక్ ట్రే అంటే కాస్త మేత వేసి చెరువులోకి దించే వలపళ్లెం. కాసేపాగి పైకి తీస్తే రొయ్య తిన్నదీ లేనిదీ తెలుస్తుంది.

"చూళ్లేదండీ. ఫోన్ చూసుకుంటా ఉండిపోయా."

పరీక్షల్లో రోగం కనపడలేదు. మబ్బులకు రొయ్య తిండి తగ్గించింది, ఈయన మేత తగ్గించలేదు. మిగిలిందంతా అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగింది. మందులన్నీ ఆపి మేత తగ్గించమన్నాను. "ఏ మార్పైనా ఒక్కటే చేయండి. ట్రే చూశాకే రెండోది" అని చెప్పి పంపాను.

కొన్నాళ్లకు పక్క ఊళ్లో తెల్లమచ్చ వచ్చిందంటూ గ్రూపుల్లో ఒక ఫొటో తిరిగింది. ఎక్కడిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. రోగం సోకితే చెరువంతా పోతుందని, చాలామంది ఎదగని రొయ్యనే పట్టి అమ్మేయడానికి సిద్ధమయ్యారు. నా ఫోన్‌కు తెరిపి లేదు. బల్ల నిండా కవర్లు. చేతిలో ఉన్నది ఎవరిదో లేబుల్ చూసుకున్నా, మరో ఫోన్ రాగానే మర్చిపోతున్నాను.

అప్పుడు ప్రసాదరావు గారి ఫోన్. ఈయన కూడానా అని విసుక్కుంటూనే ఎత్తాను.

"మేడం, ట్రే ఇప్పుడే తీశానండీ. మేత మిగల్లేదు. రొయ్య చురుగ్గా ఉంది. పట్టించను. మీరు కంగారుపడతారేమోనని చెప్పా, అంతే. ఇంకేం అడగనండీ, పని చూసుకోండి."

ఆ రోజంతా ఏమీ అడగని ఫోన్ అదొక్కటే. ఎందుకో కళ్లు చెమర్చాయి. ఫోన్ సొరుగులో పడేసి, ఒక కవరు మాత్రం ముందుకు లాక్కున్నాను. దాని పని పూర్తయ్యాకే రెండోది. సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది. ఏ కవర్లోనూ తెల్లమచ్చ లేదు. తొందరపడని రైతుల పంట నిలిచింది.

ప్రసాదరావు గారు నిండా ఎదిగిన రొయ్యను పట్టారు. ఆ చెరువు ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది. కనపడినప్పుడల్లా నా సలహా వల్లే నిలబడ్డానని నలుగురిలో చెబుతారు. ఆ సలహా ఇచ్చింది నేనే, నిజమే. నాకు అవసరమైన రోజున దాన్ని తిరిగి నా చేతికిచ్చింది మాత్రం ఆయన. అందుకే ఆయనంటే నాకు ఇంత కృతజ్ఞత. ఇప్పటికీ ఫోన్ ఆగకుండా మోగే రోజున నన్ను నేను అడిగేది ఒకటే: ట్రే చూశావా?