దారి అడిగే యోబు మేస్త్రి

రాచర్ల యోబు మేస్త్రికి దారి అడగనిదే అడుగు పడదు. తెలియని ఊళ్ల సంగతి కాదు, సొంత ఊరి దారి కూడా ఎవరినో ఒకరిని అడిగిగానీ కదలడు. గిద్దలూరులో బ్రహ్మం ఆటో ముందు నిలబడి, "రాచర్లకు ఎట్ల పోవాలబ్బా?" అంటాడు.

"నీది రాచర్లే గదా మామా. రోజూ నా ఆటోలోనే గదా పోయేది."

"నాది రాచర్లేలే. రోడ్డు నిన్నటి రోడ్డేనా అని అడుగుతాండా."

ఊరి చర్చిని పునాది నుంచి సిలువ దాకా కట్టింది తనే. అయినా ఆదివారం గేటు దగ్గర ఆగి, "మగవాళ్లు ఏ పక్క నుంచి పోవాల?" అని పాస్టరుగారినే అడిగేవాడు. భార్య మార్తమ్మ తల కొట్టుకునేది. ఈ మనిషి ఎవరినీ అడక్కుండా, కళ్లు మూసుకుని పోగలిగిన చోటు లోకంలో ఒక్కటే ఉందని, అది బ్రాందీషాపని అందరితో అనేది. నవ్వుతూనే అనేది గానీ, అందులో ఆమె నవ్వాల్సింది ఏమీ లేదు.

ఒకరోజు పొద్దున్నే తాగి పనిలోకి ఎక్కి, గోడ మీది నుంచి ఇసుక కుప్పలో పడ్డాడు. ఇసుక కాబట్టి చెయ్యి ఒక్కటే విరిగింది. గిద్దలూరు ఆసుపత్రిలో కట్టు కట్టేటప్పుడు మార్తమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "ఈ చెయ్యి అతుక్కునేదాంక చూస్తా. మళ్లా తాగితే పామూరుకు మా అన్న కాడికి పోతా," అంది.

ఆ మాట విన్న నర్సు దయామణి యోబును పక్కకు పిలిచింది. తాగుడు మానుకున్నవాళ్లు మార్కాపురంలో ప్రతి ఆదివారం నాలుగింటికి ఒకచోట కూర్చుంటారని, బస్టాండు ఎదురుగా కుట్టుమిషన్ల స్కూలు మేడ మీదని చెప్పింది. "ఫీజు లేదు, పేరు కూడా చెప్పక్కర్లేదు. ఒకళ్ల మాట ఒకళ్లు వింటారు, అంతే."

మూడు ఆదివారాలు ఆరాధన కాగానే యోబు కట్టుచేత్తో మార్కాపురం బస్సెక్కాడు. మూడుసార్లూ పొద్దు మునిగేసరికి తిరిగొచ్చి, "దారి దొరకలా మార్తా," అన్నాడు. తాగి మాత్రం రాలేదు.

సొంతింటికే దారి అడిగే మనిషికి దారి దొరక్కపోవడమేమిటని మార్తమ్మకు అనుమానం వచ్చింది. నాలుగో ఆదివారం తనూ బయల్దేరింది. బస్సు కంభం దాటింది. పక్కన కూర్చున్న యోబు కండక్టరును కూడా ఏమీ అడగలేదు. మార్కాపురంలో దిగి, బస్టాండు ఎదుటి సుబ్బయ్య దుకాణంలో ఒక టీ తాగాడు. తర్వాత ఇంకొకటి. నాలుగైంది. మరో టీ చెప్పాడు. యోబు నోరు అంతసేపు మూతపడటం పెళ్లయ్యాక ఆమె చూడటం అదే మొదలు. దొరకనిది దారి కాదని అప్పుడర్థమైంది.

తనే లేచింది. "అన్నా, తాగుడు మానుకునేవాళ్లు కూసునే మేడ యాడ?"

టీ తాగుతున్న నలుగురూ తలెత్తి చూశారు. యోబు తల దించుకున్నాడు. సుబ్బయ్య చక్కెర డబ్బా మూత పెడుతూ, "ఆ పచ్చ మెట్లమ్మా. పోండి, మొదలుపెట్టుంటారు," అన్నాడు.

మార్తమ్మ భర్తను మెట్లెక్కించి, తను కింద అరుగు మీద కూర్చుంది. గంటన్నర తర్వాత అతను ఎర్రబడ్డ కళ్లతో దిగొచ్చాడు. "నాబోటోళ్లే ఉండారు మార్తా," అన్నాడు, చుట్టాలను చూసొచ్చినట్టు.

ఆ తర్వాత ఒక్క వారం మానలేదు. చెయ్యి అతికింది, మళ్లీ పని దొరికింది, ఆరు నెలలు గడిచాయి. నోరు కూడా బాగైంది. కంభంలో బస్సాగితే కిటికీలోంచి తల బయటపెట్టి శనక్కాయలమ్మే ఆమెను కూడా దారి అడిగేవాడు. సుబ్బయ్య దుకాణం ముందైతే మరీను. రెండో అంతస్తు మీద నిలబడి కిందివాళ్లను ఇటుకలు అడిగే గొంతు అది.

"ఏమబ్బా, తాగుడు మానేవాళ్ల మీటింగు యాడ?"

"ఆ పచ్చ మెట్లన్నా." సుబ్బయ్య ప్రతివారం కొత్తగా చెప్పినట్టే చెప్పేవాడు.

"ఇంకా తాగేవాళ్లు రావచ్చునా?"

"వాళ్లకోసమే గదన్నా."

"పేరు చెప్పాల్నా?"

"అక్కర్లేదు."

ప్రతివారం వెంట వచ్చే మార్తమ్మకు కొంగు నెత్తిన కప్పుకోవాలనిపించేది. ఒక ఆదివారం పట్టలేక మెట్ల దగ్గర నిలదీసింది. "పాతికసార్లు ఎక్కిన మెట్లు. ఇంకా అడిగేది ఏంది? ఊరంతా వినాల్నా?"

"మెల్లగా ఎనక్కి చూడు," అన్నాడు యోబు.

పది అడుగుల వెనక తెల్లచొక్కా మనిషి ఒకాయన, గోడ మీది సినిమా పోస్టరును పాఠంలా చదువుతూ నిలబడ్డాడు.

"కంభంలో మన బస్సే ఎక్కుతాడు. దుకాణం నడిపే మనిషి లెక్క ఉండాడు. మూడు వారాలుగా ఆడ టీ తాగి తాగి తిరిగిపోతాండాడు. నేనూ అట్లనే పోయినా గదా. దారి తెలీక గాదు మార్తా, అడిగేదానికి నోరు రాక. అందుకని ఆయన అడగాల్సింది నేను అడుగుతాండా."

మార్తమ్మ ఆ తెల్లచొక్కా వైపు ఇంకోసారి చూసింది. "ఇట్ల ఎంతమంది ఎక్కినారు?"

"ఈయన ఎక్కితే ఏడుగురు." యోబు రెండు మెట్లెక్కి, పైకి చూస్తూ గొంతెత్తాడు. "పైన కుర్చీలు ఖాళీ ఉండాయాబ్బా?"

"ఉండాయి, రాండి," అని పైనుంచి ఎవరో అన్నారు. తెల్లచొక్కా ఆయన పోస్టరు వదిలేసి, తల వంచుకుని చరచరా మెట్లెక్కిపోయాడు.

అప్పుడు కనబడింది మార్తమ్మకు, అరుగు చివర ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఒకామె. ఆయనతోపాటు వచ్చినట్టుంది. మార్తమ్మ జరిగి చోటిచ్చింది. ఆమె అంచున కూర్చుంది. పైన ఆ ఇటుకలు అడిగే గొంతే ఏదో గట్టిగా అంది, వెనకాలే గదంతా నవ్వింది. ఆ నవ్వుల్లో తన భర్త గొంతు పోల్చుకుందో ఏమో, ఆమె కొంగు తీసి పైకి చూసింది.

"అందరినీ నవ్విస్తాండాడే, ఎవరమ్మా ఆ మనిషి?"

మార్తమ్మ నడుం నిటారుగా పెట్టుకుంది.

"మా ఇంటాయన," అంది.