గుడ్డ జారని అద్దం

ఈ ఆదివారం పొద్దున జ్యోతినగర్‌లో, నేను పనిచేసే కరెంటు ప్లాంటు పక్కనున్న మా క్వార్టర్లో పడకగది కిటికీ అద్దం సబ్బునీళ్లతో కడిగాను. మొదటి గుడ్డకు బూడిద వచ్చింది, రెండోదానికి ఏమీ రాలేదు, మూడోసారి పొడిగుడ్డతో తుడవబోతే అది మధ్యలో ఆగి, అద్దాన్ని పట్టుకుని, కీచుమంది. వంటింట్లోంచి అమ్మ "ఇగ చాలు కొడుకా, ఇడిసిపెట్టు" అంది. గొంతు మామూలుగానే ఉంది. చారు కలుపుతున్న గరిటె చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఆ కీచుకు కారణం నేను డిప్లొమా రెండో ఏట నేర్చుకున్నాను. మురికి అద్దం మీద గుడ్డ హాయిగా జారుతుంది, ఎందుకంటే దుమ్మూ జిడ్డూ కలిసి బేరింగులో గ్రీజులా మధ్యలో పొరగా నిలుస్తాయి. ఆ పొరను కడిగేస్తే గుడ్డ నేరుగా గాజును తాకుతుంది. తాకిన చోట అంటుకుంటుంది, లాగితే ఊడుతుంది, మళ్లీ అంటుకుంటుంది. కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు జరిగే ఆ అంటుకోవడం, ఊడటమే మనకు వినిపించే అరుపు. గుడ్డ మొరాయించిందంటే అద్దం శుభ్రమైందన్నమాట. మా బాపు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా నమ్మేవాడు. ఆ నమ్మకానికి దెబ్బలు తిన్నది అమ్మ.

బాపు గోదావరిఖనిలో ఒక గని దగ్గర ల్యాంప్ రూంలో పనిచేసేవాడు. షిఫ్టుకు దిగేవాళ్ల టోపీ దీపాలను ఛార్జింగులో పెట్టడం, వాటి అద్దాలు తుడవడం ఆయన డ్యూటీ. అక్కడి గుడ్డకు ఎప్పుడూ కాస్త నూనె పట్టి ఉండేది, అందుకే దీపం అద్దం మీద తేలిగ్గా జారేది. ఆయన దృష్టిలో శుభ్రమంటే ఆ జారుడే. మా పాత క్వార్టరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగు కాగానే కిటికీలు గడగడలాడేవి, సాయంత్రానికి అద్దాల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. ఆదివారం అమ్మ కడిగాక ఆయన తనిఖీ ఉండేది. పద్ధతి ఎన్నడూ మారలేదు: లుంగీ ఎగ్గట్టడం, భుజం మీది తువ్వాల తీయడం, నాలుగు అద్దాల మీదా ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గీత. తువ్వాల ఆగిందంటే "జిడ్డు పోలేదే, కండ్లు కనవడ్తలేవా?" అని మొదటి దెబ్బ. అమ్మ మళ్లీ కడిగేది. అద్దం ఇంకా శుభ్రమయ్యేది, తువ్వాలను ఇంకా గట్టిగా పట్టుకునేది, రెండో దెబ్బ పడేది. ఒకసారి పెదవి చీలింది. ఇంకోసారి ముంజేయి విరిగితే దవాఖానలో "బాత్రూంల జారిన సారూ" అని చెప్పుకుంది. పక్క క్వార్టరు అత్త గోడ మీదుగా తల పెట్టి, "కిటికీలు తుడుస్తుండ్రా, కోడిని కోస్తుండ్రా వదినా?" అని నవ్వేది. అమ్మ కూడా నవ్వేది.

చివరికి అమ్మ తనంతట తానే ఒక ఉపాయం కనిపెట్టింది. ఆఖరి గుడ్డకు రెండు చుక్కల కొబ్బరినూనె. తువ్వాల జర్రున జారేది. "గిట్ల ఉండాలె" అని బాపు మెచ్చుకునేవాడు. ఆ జిడ్డుకు మర్నాటికల్లా దుమ్ము రెట్టింపు అంటుకునేదన్న సంగతి ఆయనకు పట్టలేదు. ఆ రెండు చుక్కల మీద ఆమె ఏడాదికి పైగా దెబ్బ తినకుండా గడిపింది. నాకు మాత్రం చెప్పలేదు.

డిప్లొమా ఆఖరి ఏడు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చాను. ఆదివారం ఆమెకు జ్వరం. అద్దాలు నేనే కడిగాను, సబ్బుతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు, నా చదువుకు తగ్గట్టు. బాపు చెప్పుల చప్పుడు వినబడగానే అమ్మ మంచం మీంచి, "నూనె పెట్టినవా?" అంది.

"నూనె ఎందుకమ్మా?"

ఆమె లేచి సీసా కోసం తడుముకుంటుండగానే బాపు తువ్వాల తీశాడు. తొలి అద్దమే కీచుమంది.

"ఏందే ఇది? మల్ల మొదటికొచ్చిందా?"

"నేను కడిగిన బాపూ. సాఫ్ అయ్యింది కాబట్టే గట్ల పట్టుకుంటది. జిడ్డుంటే జారుతది."

"నాకే సబక్ చెప్తున్నవా? నువ్వు పుట్టకముందు సంది అద్దాలు తుడుస్తున్నరా నేను."

"నీ గుడ్డకు నూనె ఉంటది గదా."

దెబ్బ నాకు పడలేదు. అమ్మను జుట్టు పట్టి కిటికీ దాకా ఈడ్చి, చెంపను అద్దానికి అదిమి, "సూడు, జిడ్డున్నదో లేదో సూడు" అంటూ రుద్దాడు. కాలిపోతున్న ఆ చెంప అద్దం మీద ఆగి ఆగి జారింది. చప్పుడు గుడ్డ చప్పుడులాగే ఉంది. నేను ఆయన మణికట్టు పట్టి వెనక్కి మెలితిప్పాను. లోపల ఏదో పుటుక్కుమంది. ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. పడ్డాక కూడా నేను ఆగలేదు. నడుం మీద ఒకటి తన్నాను, పక్కటెముకల మీద ఒకటి. మూడోదానికి కాలెత్తినప్పుడు అమ్మ నా చెంప పగలగొట్టింది.

"సంపుతవారా మీ బాపును? నువ్వు గూడ గంతేనా?"

ఆ తర్వాత బాపు అమ్మ మీద చెయ్యెత్తలేదు. అద్దం సంగతి ఆయనకు ఇప్పటికీ ఎక్కలేదు, ఎక్కింది నా కాలు. రిటైరయ్యాక ఇద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. నేను గదిలోకి వస్తే ఆయన టీవీ చప్పుడు తగ్గిస్తాడు. నీళ్ల గ్లాసు ఇవ్వడానికి చెయ్యి చాపితే ఆయన తల ఒక పక్కకు ఒరుగుతుంది, ఒకప్పుడు అమ్మ తల ఒరిగినట్టే. అమ్మ అది చూసి, నన్ను చూస్తుంది. ఆమె ఇరవై రెండేళ్లు భయపడింది, ఆయన భయం మొదలై ఏడేళ్లే అయింది. మిగతా పదిహేనేళ్లు కూడా గడవాలని నేను అనుకునే రోజులు ఉన్నాయి. ఆ రోజులు తగ్గుతున్నాయని మాత్రం చెప్పగలను.