మాడిన బ్రొకోలిని

మేము నడికుడి రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో మా పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. వాళ్ళాయనా మా ఆయనా స్టేషన్‌లో కలిసి పనిచేసేవారు. వయసులో నాకంటే బాగా పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను చెల్లెమ్మా అని పిలిచేది. రెండు పెరళ్ళకూ మధ్య ఒక పిట్టగోడ. దాని మీంచి కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

తిండిని అంత ఇష్టంగా తినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, మంచి చీరైనా మార్చుకోకుండా రోటి దగ్గర కూర్చునేది. పండుమిరప వేసి నూరిన గోంగూరను వేడన్నంలో కలుపుకుని, మాట్లాడకుండా, కళ్ళు మూసుకుని తినేది.

కరోనా వచ్చిన రెండో ఏడు ఆవిడకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ రుచీ వాసనా పోయాయి. మిగతా వాళ్ళకు కొన్నాళ్ళకే తిరిగొచ్చాయి. అక్కకు మాత్రం నెలలు గడిచినా రాలేదు.

“తడిగుడ్డ నమిలినట్టుంది చెల్లెమ్మా,” అనేది.

అయినా వంట మానలేదు. ఉప్పూ పులుపూ చూడమని గరిటె గోడ మీంచి నాకు అందించేది. మనిషి బాగా చిక్కిపోయింది. నేనిచ్చిన కూర ఎలా ఉందో చెప్పేది కాదు, నేనూ అడగడం మానేశాను.

ఆ చలికాలంలో మా ఆయన సికింద్రాబాద్ నుంచి వస్తూ ఒక కొత్త కూర కట్ట తెచ్చారు. సన్నని పొడుగాటి కాడలు, కొసన చిన్న చిన్న ఆకుపచ్చని పూగుత్తులు. పేరు బ్రొకోలిని అన్నారు. ఫోన్‌లో చూస్తే వెన్న, చీజ్ వేయమని ఉంది. మా ఇంట్లో ఆ రెండూ లేవు. ఇనప మూకుడులో పల్లీ నూనె పోసి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి, కాడలు పడేశాను. తోటకూర కాడలంత సేపు పడుతుందనుకుని ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పూలన్నీ నల్లబడి ఉన్నాయి.

అదే సమయానికి తోడు పెరుగు కోసం అక్క వచ్చింది.

“ఏందిది? కాలీఫ్లవర్ పిల్లా?”

“కొత్త కూరంట అక్కా. మాడగొట్టాను.”

ఆవిడ ఒక కాడ తీసుకుని నోట్లో పెట్టుకుంది. నములుతూ నములుతూ ఆగిపోయింది.

“చేదుగా ఉంది,” అంది.

“పారేస్తాలే,” అని మూకుడు దించబోయాను.

నా మణికట్టు పట్టుకుంది. “ఉండు. చేదుగా ఉందంటున్నా.”

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆవిడ గుమ్మంలోనే కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, నల్లగా మాడినవి ఏరుకుని మరీ తింది. “కారం తెలీట్లా, వెల్లుల్లీ తెలీట్లా. చేదొక్కటే తెలుస్తంది,” అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఆయన సికింద్రాబాద్ వెళ్ళినప్పుడల్లా ఆ కట్ట తప్పనిసరి అయింది. కొన్ని కావాలనే మాడ్చేదాన్ని. మిగిలినవి అక్క చేతిలో రకరకాలుగా మారేవి. ఒకసారి పల్లీల పొడి చల్లితే, ఇంకోసారి చింతపండు పులుసు పెట్టేది. కందిపప్పులో కూడా వేసి చూసింది, అది ఎవరికీ నచ్చలేదు. చేదు తర్వాత ఉప్పు తెలిసింది, ఆపైన పులుపు. వాసన అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఒకరోజు పొద్దున్నే గోడ అవతలి నుంచి, “చెల్లెమ్మా, ఇంగువ చానా ఎక్కువేశావే,” అని వినబడింది. పొయ్యి మీద పోపు అలాగే వదిలేసి పరుగెత్తాను.

తర్వాత మాకు నరసరావుపేట బదిలీ అయింది. వాళ్ళు రిటైరై సత్తెనపల్లిలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఇక్కడి పెద్ద దుకాణంలోనే బ్రొకోలిని అప్పుడప్పుడు దొరుకుతోంది. మా అమ్మాయి దాన్ని పచ్చగా, కరకరలాడేట్టు వేయించమంటుంది. అట్లాగే చేసిపెడతాను. చేస్తున్నంతసేపూ నాకు నడికుడి గుర్తొస్తుంది.

మొన్న అక్క ఫోన్ చేసింది. చర్చిలో పండగ భోజనాలకు వంట దగ్గర నిలబడి రుచి చూసేది తనేనట. నిమ్మకాయ పచ్చడి పెట్టానని, వచ్చి పట్టుకెళ్ళమని అంది. బస్సెక్కితే ఎంతసేపు. ఈ ఆదివారం వెళ్ళాలి.