సుగుణత్త ఎదురు రాలేదు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. చదువైంది, ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, కూతురు పుట్టింది. అది మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నాకేమీ కారు కనుక మీకు చెప్తున్నాను.

సుగుణత్త మా బాపుకు చెల్లెలు. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే నకిరేకల్‌లో మా ఇంటికి వచ్చేసింది. నాకప్పుడు ఆరేళ్లు. నాకు జడలేసింది ఆమె, ఎక్కాలు నేర్పింది ఆమె, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది ఆమె. కానీ ఇంట్లో ఎవరైనా మంచి పనికి బయల్దేరితే, భర్త లేని ఆడమనిషి ఎదురు రాకూడదని, ఎవరూ చెప్పకుండానే వెనకింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. బాపు బత్తాయి బేరానికి పోయినా అంతే, నేను పరీక్షకు పోయినా అంతే. అది నాకు వింతగా కూడా తోచేది కాదు. పైగా మూఢనమ్మకాల మీద వ్యాసం రాసి బడిలో బహుమతి తెచ్చుకున్నదాన్ని. ఆ కప్పును తుడిచి అల్మారాలో పెట్టింది కూడా అత్తే.

ఎంసెట్ రోజు పక్కింటి ముత్తైదువ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. అమ్మ సంబరంగా కొబ్బరికాయ కొట్టడానికి గుడికి పోయింది, నేను బస్టాండుకు పోయాను. నల్లగొండ బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని సంచి చూసుకుంటే హాల్‌టికెట్ లేదు. పరీక్షకు నిమిషం ఆలస్యమైనా గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంటికి ఫోన్ చేస్తే అత్త ఎత్తింది.

“అత్తా, టేబుల్ మీద హాల్‌టికెట్ ఉన్నది, జల్ది పట్కరా!”

“నేనా? నేనొద్దు బిడ్డా. జర ఆగు, ఎవర్నన్న తోలుత.”

“ఎవర్ని తోలుతవత్తా? డ్రైవర్ ఎక్కిండు. నువ్వే ఉరికి రా!”

ఉరికొచ్చింది, కాళ్లకు చెప్పుల్లేకుండా. బస్సు ముందు నుంచి వస్తే దగ్గర. ఆమె మాత్రం కూరగాయల బండ్ల చాటున చుట్టు తిరిగి వెనక నుంచి వచ్చింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, కిటికీలోంచి కాగితం అందించింది.  నేను గుంజుకున్నాను.

పరీక్ష ఎలా రాశానంటారా? ఆరు నెలలుగా ఫిజిక్స్ పుస్తకం తెరిచి అందులో ఫోన్ పెట్టుకుని చూసిన పిల్ల ఏం రాస్తుంది? కాలేజీలో పెట్టే టెస్టుల మార్కులు బాపుకు పెంచి చెప్పేదాన్ని. ఛాయ్ ఇవ్వడానికి వచ్చి అత్త నా ఫోన్ వ్యవహారం రెండు మూడుసార్లు చూసింది. ‘సదువుకో బిడ్డా’ అనేది, అంతే. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సగం ప్రశ్నలకు చేతికొచ్చిన జవాబు పెట్టి బయటపడ్డాను.

ర్యాంకు ఆరంకెల్లో వచ్చింది. బాపు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “గింత తక్కువ ఎట్లొచ్చింది బిడ్డా? మంచిగనే సదివితివి గద!” అన్నాడు, నిజంగా అర్థం కాక. అమ్మ, అత్త, తమ్ముడు అందరూ నా ముఖమే చూస్తున్నారు. ఏడుస్తూ అన్నాను, “బస్టాండ్ల అత్త ఎదురొచ్చింది.”

ఎందుకన్నాను? నోరు జారిందని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆడలేక మద్దెల ఓడు అంటారు, మద్దెలకు కనీసం ప్రాణం ఉండదు. మా ఇంట్లో ఏ నింద వేసినా తిరిగి మాట్లాడని మనిషి ఎవరో పదిహేడేళ్ల నాకు బాగా తెలుసు, తెలిసే ఆమె మీద వేశాను.

అమ్మ నెత్తి కొట్టుకుంది. నేను హాల్‌టికెట్ మరిచిపోయిన సంగతి అత్త అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ వారమంతా బాపు ఆమె వడ్డిస్తే సగంలో లేచిపోయాడు. అమ్మ మాటిమాటికీ తమ్ముడి పదో తరగతి పరీక్షల ముచ్చట ఎత్తింది, అత్తకు వినబడేలా.

ఒకరోజు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అత్త వచ్చి పక్కన కూర్చుంది. నిలదీస్తుందని బిగుసుకుపోయాను.

“నేను ఎన్కనుంచే వచ్చిన గద బిడ్డా. మరి బస్సు అద్దంల గిట్ట కనవడ్డనా?”

నన్ను అనుమానించలేదు. తనను తానే అనుమానించుకుంది! ఎంత సిగ్గులేనిదాన్నంటే, ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. “ఆ, అద్దంల కనవడ్డవ్” అన్నాను.

“గట్లనా! నాకు తెల్వకపాయె. నీ సదువు ఖరాబు చేస్తి” అని నా తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పది రోజుల్లో చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చూసుకుని, అక్కడే కిరాయి గదికి వెళ్లిపోయింది. పదకొండేళ్లు ఉన్న ఇల్లు. బాపు ఆపలేదు. తర్వాత తమ్ముడికి పదో తరగతిలో మంచి మార్కులొస్తే, అమ్మ అది కూడా అత్త లేకపోవడం వల్లే అంది. ఇదీ మా ఇంటి సైన్సు.

నేనిప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. మొన్న నా బస్సు చౌటుప్పల్‌లో ఆగితే రోడ్డు పక్కన అత్త కనబడింది. జుట్టు బాగా నెరిసింది. కిటికీలోంచి పిలిచాను. నన్ను చూసి ముఖం విప్పారింది. అంతలోనే నేనేదో మంచి పని మీద పోతున్నాననుకుందేమో, గోడ వైపు తిరిగి నిలబడింది. బస్సు కదిలేదాకా ఇటు తిరగలేదు.

దిగి చెప్పాల్సింది. ఎందుకు దిగలేదు? చెప్తే ‘పోనీ తియ్యి బిడ్డా’ అంటుంది, అది నేను భరించలేనని అనుకున్నాను. అది కూడా సాకే. బాపుకు తెలుస్తుందని భయపడ్డాను.

ఆమె ఎదురు రాలేదు. వెనక సీట్లో ఉన్న నాకు ఏ అద్దమూ కనబడలేదు. ఆ రోజు బాపు అడిగినదానికి జవాబు నా దగ్గర అప్పుడే ఉంది. దాన్ని రాయడం ఇదే మొదటిసారి.

నేను సదువలేదు బాపూ.