లోడర్ హెస్లప్ చెడగొట్టిన టీ

రాబీ హెస్లప్ చేతి టీ తాగనివాడు ఆ రెజిమెంటులో లేడు. అతని కర్మ అంతా అక్కడే ఉంది.

టాంకులో నలుగురుంటారు. ముందు డ్రైవరు, వెనక గన్నరు, పై మూతలోంచి తల బయటపెట్టి చూసే కమాండరు, గుండ్లు ఎక్కించే లోడరు. లోపల గోడకు బిగించి నీళ్ళు కాచే డబ్బా ఒకటి ఉంటుంది. దాని మీద పెత్తనం లోడరుదే. గుండు ఆలస్యమైతే తిట్టి ఊరుకుంటారు గానీ, బండి ఆగిన చోట టీ రాకపోతే ఆ లోడరును మనిషి కింద జమకట్టరు. తనతో చేరినవాళ్ళంతా కమాండర్లయి బయట గాలి పీలుస్తుంటే హెస్లప్ మాత్రం లోపల కూర్చుని పాలపొడి కలుపుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా ఏ సార్జంటైనా ఒకటే మాట అనేవాడు. "నిన్ను పైకి పంపితే మాకు టీ ఎవడు పెడతాడ్రా?"

వాళ్ళు వేళాకోళానికే అని ఉంటారు. ఈ అమాయకుడు నిజమని నమ్మేశాడు.

ఇంగ్లాండులోని ఆ రెజిమెంటు ఏడాదిపాటు బయటి దేశాలకు వెళ్తోంది. ముందు కెనడాలో శిక్షణ, ఆ తర్వాత ఎస్టోనియాలో కాపలా. సామాను సర్దుతుంటే భార్య షీనా సాక్సులు మడతపెడుతూ అంది. "ఈసారి కూడా లోడరుగానే తిరిగొచ్చావంటే నిన్ను కెటిల్ అని పిలుస్తాను."

"నేనేం చెయ్యనే? టీ బాగుంటుందని వదలట్లేదు."

"అయితే బాగా పెట్టడం మానెయ్. దానికీ నేనే చెప్పాలా?"

ఆవిడ నవ్వుతూ అంది. ఇతను నవ్వలేదు. ఆ మాట బుర్రలో పెట్టుకుని విమానం ఎక్కాడు.

కెనడాలోని ఆల్బర్టా మైదానంలో దుమ్ము తప్ప ఇంకోటి లేదు. తిండి ప్యాకెట్లను కూడా ఆ డబ్బాలోని వేడినీళ్ళలోనే వేసి కాస్తారు. బుద్ధున్న లోడరు ప్యాకెట్లు తీశాక ఆ నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తాడు. హెస్లప్ పారబోయలేదు. సాసేజీల ప్యాకెట్లు ఉడికిన ఆ నీళ్ళలోనే టీ పెట్టి, తొణక్కుండా అందించాడు.

గన్నరు పేరు సెమీ, ఫిజీ దీవుల మనిషి, కొండంత మనసున్నవాడు. ఒక గుక్క తాగి కప్పులోకి తొంగిచూశాడు. "రాబీ, ఇందులో ఏదో చచ్చింది."

కమాండర్ సార్జంట్ ఫెన్విక్ మాత్రం ఆఖరి చుక్క దాకా తాగి, మీసం తుడుచుకున్నాడు. "బాగుందిరా," అని ఇంకో కప్పు పట్టించాడు.

హెస్లప్‌కు ఒళ్ళు మండింది. మర్నాడు ఆకు నల్లగా మాడేదాకా మరిగించాడు. ఆ తర్వాత చక్కెరకు బదులు ఉప్పు వేశాడు. ఒకసారి కూర ప్యాకెట్ చిరిగి నీళ్ళు పసుపెక్కితే, దేవుడే పంపాడనుకుని అందులోనే పాలపొడి కలిపాడు. సెమీ టీ మానేసి ఉత్త వేడినీళ్ళకు దిగాడు. డ్రైవరు కడుపు పట్టుకుని తిరిగాడు. ఫెన్విక్ మాత్రం ప్రతి కప్పూ ఖాళీ చేసి "బాగుంది" అంటూనే ఉన్నాడు. అన్నిటికన్నా ఘోరం, అనుమానం రాకుండా హెస్లప్ కూడా ఆ పాపిష్టి కషాయమే తాగాలి. తవ్విన గోతిలో తనే రోజూ కాస్త కాస్త దిగుతున్నాడు పాపం.

ఎస్టోనియా వచ్చేసరికి మంచు మొదలైంది. అడవిలో టాంకులు నిలబెట్టి వారాల తరబడి కాపలా కాశారు. ఆ చలిలో వేడి కప్పు పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. నోట్లో పోసుకుంటే మళ్ళీ పోతుంది. అయినా హెస్లప్ పట్టు వదల్లేదు. కమాండర్ల పేర్లు బయటపడే రోజులు దగ్గరపడుతున్నాయి మరి.

అలాంటి ఒకరోజు బ్రిగేడియర్ తనిఖీకి వచ్చి, నేరుగా వీళ్ళ బండి దగ్గరే ఆగాడు. "చేతులు కొయ్యలైపోయాయి. టీ ఏమైనా దొరుకుతుందా సార్జంట్?"

"మా రాబీ పెడతాడు సార్," అన్నాడు ఫెన్విక్.

హెస్లప్ లోపలికి దిగాడు. డబ్బాలో పొద్దున్న బీన్స్ ఉడికిన నీళ్ళున్నాయి. అవే పోస్తే అందరి ముందూ తల వంచుకోవాల్సింది తను కాదు, ఫెన్విక్. అంత పని చెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. నీళ్ళు పారబోసి, కొత్తవి కాచి, ఎప్పట్లా పెట్టాడు.

బ్రిగేడియర్ రెండు కప్పులు తాగి, భుజం తట్టి వెళ్ళాడు. ఫెన్విక్ తన కప్పులోంచి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. జీపు కనుమరుగయ్యాక తెరిచాడు.

"నీ చేతి రుచి పోలేదన్నమాట."

సెమీకి అప్పుడు వెలిగింది. "అంటే ఇన్నాళ్ళూ కావాలని పెట్టావా? నేను కడుపులో పుండు పడిందని మా అమ్మకు ఫోన్ చేశాను కదరా."

హెస్లప్ ఫెన్విక్ వైపు తిరిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది సార్జంట్?"

"మొదటి రోజే. ఎప్పుడూ కప్పిచ్చి నీ పని నువ్వు చూసుకునేవాడివి. ఆ రోజు నా మొహం చూస్తూ నిలబడ్డావు."

"నన్ను పైకి పంపుతారేమోనని..."

"కెనడాకు వెళ్ళకముందే నీ పేరు పంపాన్రా, వెర్రి వెధవా. బయటపడేదాకా చెప్పకూడదు. టీ గురించి తిడితే నువ్వు కమాండరు సీటు సంగతి ఎత్తుతావు. నాకు అబద్ధమాడటం రాదు. అందుకని తాగాను."

"మరి రోజూ బాగుందన్నారుగా?" అన్నాడు సెమీ.

"అది అబద్ధం కాదు, మర్యాద." ఫెన్విక్ కప్పు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "వేసవికి నేను రెజిమెంటు నుంచి దిగిపోతున్నాను. టాంకులో కూర్చుని తాగే టీలు ఇక ఎన్నో లేవని మాత్రం కాస్త బాధేసింది."

హెస్లప్‌కు తలకొట్టేసినట్టయింది. ఆ ముసలాయన ఆఖరి ఏడాదిని తను సాసేజీ నీళ్ళలో ముంచేశాడు. మిగిలిన చలికాలమంతా ఎవరూ అడగకముందే టీ పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ సిగ్గుపడ్డాడు.

ఫెన్విక్ చెప్పినట్టే అతని పేరు వచ్చింది. ఇంగ్లాండుకు తిరిగొచ్చాక కొత్త టాంకు ఇచ్చారు. కమాండరు నీళ్ళ డబ్బా ముట్టుకోవడం ఆ రెజిమెంటులో పరువు తక్కువ. ముట్టుకున్నవాణ్ణి రిటైరయ్యేదాకా ఏడిపిస్తారు. హెస్లప్ కొత్త సీట్లో మొదటిరోజు కూర్చున్నాడో లేదో, ఫెన్విక్ మామూలు కోటు వేసుకుని షెడ్డులోకి వచ్చాడు. సంచీ భుజానికుంది.

"వెళ్ళొస్తాన్రా రాబీ."

"ఒక్క క్షణం ఆగండి సార్జంట్."

హెస్లప్ పై మూతలోంచి లోపలికి దిగి, కొత్త లోడరును పక్కకు నెట్టి డబ్బా ముందు కూర్చున్నాడు. చుట్టుపక్కల బండ్ల మీదివాళ్ళు ఈలలు వేశారు. "కమాండర్ గారు కెటిల్ పట్టారోయ్," అని ఎవడో అరిచాడు. అతను వెనక్కి తిరిగి చూడలేదు. నీళ్ళు పారబోసి, కొత్తవి కాచి, నెమ్మదిగా కలిపి తీసుకొచ్చాడు.

ఫెన్విక్ టాంకు అంచున కూర్చుని ఒక్కొక్క గుక్కే తాగాడు. హెస్లప్ ఆయన మొహం చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా ఉంది సార్జంట్?"

"చక్కెర తగ్గింది," అన్నాడు ఫెన్విక్. ఖాళీ కప్పు మళ్ళీ చాచాడు.