సంతకం పెట్టనన్న అమ్మాయి

మా కాలేజీలో మెంటార్ రిజిస్టర్ అని ఒకటుంది. ఒక్కో అధ్యాపకుడికి ఇరవై మంది విద్యార్థులను అప్పగిస్తారు. నెలకోసారి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాలి, మాట్లాడింది రాయాలి, కింద విద్యార్థి సంతకం చేయాలి. జరిగేది వేరు. తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు ఇరవై మందినీ వరండాలో నిలబెట్టి, ఆరు నెలల సంతకాలు అరగంటలో పెట్టించేస్తాం. నేనూ అంతే. వనపర్తిలో పదకొండేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. పదకొండేళ్లూ సిగ్గు లేకుండా ఆ అబద్ధం రాశాను.

నిరుడు ఎమ్మెస్సీ చివరి ఏడాది అమ్మాయి ఒకతె ఆ వరుసలో నా ముందుకొచ్చి, పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నేను సంతకం పెట్టను మేడమ్."

"ఎందుకు?"

"మీరు నాతోని ఒక్కసారన్న మాట్లాడలే. మాట్లాడినట్టు నేనెట్ల పెడ్త?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "ఆరు వారాలు కాలేజీకే రానిదానివి, నీతో ఎప్పుడు మాట్లాడాలి?" అని గట్టిగానే అన్నాను. ఆమె బెదరలేదు. రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, తన పేజీలో నేను రాసిన వాక్యం మీద వేలు పెట్టింది. 'చదువుపై ఆసక్తి లేదు.'

"ఇది ఎవల్నడిగి రాసిండ్రు?"

మిగతావాళ్లను పంపేసి, ఆమెకు కుర్చీ చూపించాను.

వాళ్లది నాగర్‌కర్నూల్ జిల్లాలో, బల్మూర్ పక్కన పల్లె. వానాకాలం వస్తే తల్లితో కలిసి గద్వాల వైపు విత్తన పత్తి చేన్లలో, చేత్తో పువ్వులను సంకరం చేసే పనికి పోతుంది. తల్లికి చూపు మందగించింది. కూతురు పక్కన లేకుంటే ఆమెను పనిలోకి పిలవరు.

"సాయంత్రం మొగ్గ ఒలుస్తం మేడమ్. తెల్లారి దానికి మగపువ్వు రుద్దాలె. నడుమల ఒక్కరోజు క్లాసుకొచ్చిననుకోండ్రి, ఆ మొగ్గలన్నీ ఖరాబైతయ్. అందుకే వస్తే పూరా వస్త, పోతే పూరా పోత."

హాజరు తక్కువైందని ఆమెను పరీక్షకు కూర్చోనివ్వడం లేదట. రెండు రోజుల్లో అది తేల్చడానికి కమిటీ కూర్చుంటుందట. అక్కడ ఆమెకు వ్యతిరేకంగా చూపబోయేది నా వాక్యమేనట. ఇవన్నీ నాకు అప్పుడే తెలిశాయి.

మొగ్గ ఒలిచే పద్ధతి నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. చేతితో ఎన్నడూ చేయలేదు. ల్యాబ్ వెనక నాలుగు పత్తి మొక్కలుంటే అక్కడికి తీసుకెళ్లి చూపించమన్నాను. బొటనవేలి గోటితో ఒక్క తిప్పు తిప్పింది. పూరేకులతో పాటు పుప్పొడి భాగమంతా ఉంగరంలా ఊడి వచ్చింది, లోపలి పిందె మీద గీత కూడా పడలేదు. నేను ప్రయత్నించాను.

"గీకుతుండ్రు మేడమ్. గోరు పిందెకు తాకొద్దు. తాకితే రాలిపోతది. చూడుండ్రి, మల్ల తాకిచ్చిండ్రు."

తొమ్మిది మొగ్గలు పాడుచేశాను. పదోదాన్ని చూసి "జర నయం" అంది. నువ్వు చేసేది తప్పు అని ఇన్నేళ్లలో నాకు మొహం మీద చెప్పినవాళ్లు లేరు. సంతోషంగా అనిపించిందంటే ఎవరూ నమ్మరు, కానీ అనిపించింది.

మెంటార్‌నని నన్నూ పిలిచిన ఆ కమిటీలో ప్రిన్సిపాల్ రిజిస్టర్ తెరిచి, "ఆసక్తి లేదని మీరే రాశారు కదా!" అన్నారు.

"రాశాను సార్. ఆమెతో మాట్లాడకుండా రాశాను. ఈ పుస్తకమంతా అట్లాగే రాశాను. నాదొక్కటే కాదు, ఈ గదిలో ఉన్న అందరి రిజిస్టర్లూ తెప్పించండి, చూద్దాం."

పక్కాయన నా మోచేయి తట్టి, "మేడమ్, మనలో మనం..." అని నసిగాడు.

"మనలో మనం అనుకునే కదా ఆ పిల్లను ఇక్కడిదాకా తెచ్చాం! ఆమెను పరీక్ష రాయనివ్వండి. లేదంటే నేనిప్పుడు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా కమిటీ నివేదికలో రాసుకోండి" అన్నాను.

ఆమెకు అనుమతి ఇచ్చారు, నాకు మెమో ఇచ్చారు. ఆ మెమో నా సొరుగులో ఉంది. జవాబు రాయలేదు, రాయను. ఈ ఏడు నేను మాట్లాడనివారి గడులు ఖాళీగానే పంపుతున్నాను. ఇంకో మెమో ఇచ్చుకోనీ.

నిరుడు చివరి పరీక్ష రాసి ఆమె నేరుగా నా గదికి వచ్చింది.

"రిజిస్టర్ ఇయ్యుండ్రి మేడమ్. ఇప్పుడు పెడ్త."

సంతకం పెట్టింది. పైనున్న నా వాక్యాన్ని కొట్టేద్దామని నేను పెన్ను తీశాను. ఆమె దాని మీద అరచేయి అడ్డం పెట్టింది.

"కొట్టెయ్యకుండ్రి, ఉండనియ్యుండ్రి. ఇంకో పిల్ల పేజీల రాసేటప్పుడు మీకు యాదికి రావాలె."